పరమాణువు కులం అడగదు, దారిలో కూర్చున్నోళ్లు అడుగుతారు

(నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను జరిగిన యువజన అధ్యయన సమావేశాల్లో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా కొద్దిగా సవరించి ఇస్తున్నాం. - సం.)



ఈ పొద్దు నేను మాట్లాడే సంగతి ఏందో చెప్పగానే సమావేశం పెట్టిన తమ్ముళ్లే నవ్వినారు. "అన్నా, కూలి రేట్ల గురించి చెప్పు. శ్మశానం జాగా గురించి చెప్పు. అణుశాస్త్రం మనకెందుకన్నా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కాబట్టి దానికి జవాబు చెప్పి ముందుకు పోతాను.

మనకొద్దు అని మనం అనుకున్నా అది మన చేన్లలోకి వస్తానే ఉండాది. కడప జిల్లాలో పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో యురేనియం గని ఉండాది. బోరునీళ్లు చెడిపోయినాయని ఆ చుట్టుపక్కల ఊళ్లోళ్లు ఏండ్ల తరబడి మొత్తుకుంటా ఉన్నారు. 2024లో మన పక్కనే కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి జనం రోడ్డెక్కినారు. రేపు ఎవరైనా ఒక కాగితం పట్టుకొచ్చి, "మీ నీళ్లలో ఇంత ఉండాది, ఇంతవరకు ఉంటే ఏం కాదు" అంటే, ఆ అంకెను చదివి అవునో కాదో చెప్పే మనిషి మన మాలవాడలో ఎవరున్నారు? మాదిగవాడలో ఎవరున్నారు? మన తరపున చదివే మనిషి లేకపోతే ఎదుటివాడు చదివిందే సత్యమవుతాది. అందుకే ఈ శాస్త్రం మనకు కావాలి.

ముందు ఆ శాస్త్రం ఏందో నాలుగు మాటల్లో చెప్పుకుందాం. ఏ వస్తువైనా, ఈ మట్టి, ఈ మైకు, నా చెయ్యి, అన్నీ పరమాణువులతోనే అయినాయి. పరమాణువు నడిమధ్యలో కేంద్రకం ఉంటాది. అది ఎంత చిన్నదంటే, పరమాణువును కిలోమీటరు వెడల్పు ఉండే చెరువంత పెద్దది చేసి చూస్తే, కేంద్రకం ఆ చెరువు నడుమ వేసిన ఒక శనగ గింజంత. అయినా బరువంతా ఆ గింజలోనే ఉంటాది. యురేనియం కేంద్రకం పగిలితే వచ్చే శక్తితోనే కరెంటు తీస్తున్నారు, బాంబూ చేసినారు.

ఈ పనిలో రెండు రకాలోళ్లు ఉంటారు. యంత్రాలు పెట్టి కొలిచేవాళ్లు ఒకరు. కాగితం మీద లెక్కకట్టి, కేంద్రకం ఇట్ల ఉంటాది, ఇట్ల నడుచుకుంటాది అని చెప్పేవాళ్లు ఇంకొకరు. వీళ్లనే సిద్ధాంతకారులంటారు. సిద్ధాంతకారుడికి కావల్సింది కాగితం, పెన్సిలు. "అయితే పేదోడికి ఇదే సులువు గదా?" అంటారేమో. ఆ మాటకు జవాబు చెప్పేదానికే ఇద్దరి బతుకులు తెచ్చినాను. ఒకాయన మన తెలుగాయన. ఇంకొకాయన బెంగాలీ ఆయన. మూడేండ్ల తేడాతో పుట్టినారు. ఇద్దరూ ఈ కేంద్రకం దగ్గరికే చేరినారు. చేరిన దారులు మాత్రం వేరు.

మొదట మన తెలుగాయన. 1896 డిసెంబరు 5న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం పక్కన గొరగనమూడిలో పుట్టినాడు. పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. రాజుల ఇల్లు. ఇంటినిండా గ్రంథాలు. నరసాపురంలో హైస్కూలు చదువు చదివినాడు. పెండ్లి అయినాక ఇల్లు విడిచి సన్యాసం తీసుకున్నాడు. ఏండ్ల తరబడి హిమాలయాల్లో యోగం చేసి స్వామి జ్ఞానానంద అయినాడు.

సన్యాసికి కులం లేదంటారు. ఒప్పుకుందాం. కానీ సన్యాసం తీసుకునేదానికి విడిచిపెట్టే ఇల్లు ఒకటి ఉండాల గదా! మన తాత ఇల్లు విడిచి పోయింటే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. వెట్టికి రాలేదని ఆసామి మనిషిని పంపేవాడు. కాషాయం కట్టుకుని ఏ గుడి అరుగు మీదైనా కూర్చుంటే, మొదట అడిగే ప్రశ్న "నీదేం కులం?" అనే. ఆయన్ని తక్కువ చేసేదానికి నేను ఈ మాట అనడంలేదు. దారి మొదట్లోనే తేడా యాడ ఉండాదో చూడమంటున్నా.

అసలు విశేషం ఆ తర్వాత ఉండాది. 1927లో ఆయన జర్మనీకి పోయినాడు. యోగం గురించి ఉపన్యాసాలు చెప్పుకుంటా ఉన్నాడు. అక్కడ ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం చెవిన పడింది. ముప్పై ఏండ్లు దాటిన మనిషి, వేదాలు చదివిన మనిషి, శిష్యులతో స్వామీ అని పిలిపించుకున్న మనిషి, డ్రెస్డెన్‌లో పిల్లోళ్ల పక్కన బల్ల మీద కూర్చుని లెక్కలు, భౌతికశాస్త్రం మొదటినుంచి నేర్చుకున్నాడు. అన్నీ వేదాల్లోనే ఉన్నాయని మనకు చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. వేదాలు బాగా తెలిసినాయనే, లెక్కలు మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చిందని చెప్పరు.

అక్కడినుంచి ప్రాగ్ నగరం చార్లెస్ విశ్వవిద్యాలయం. ఎక్స్ కిరణాలను కచ్చితంగా కొలిచే పనిలో 1936లో డాక్టరేటు వచ్చింది. అప్పటికి ఆయనకు నలభై ఏండ్లు. తర్వాత ఇంగ్లండులో లివర్‌పూల్. న్యూట్రాన్‌ను కనిపెట్టి నోబెల్ బహుమతి తీసుకున్న జేమ్స్ చాడ్విక్ దగ్గర పని. అక్కడ బీటా కిరణాలను కొలిచే పనిలో ఇంకో డాక్టరేటు.

బీటా కిరణం అంటే ఏందో చెప్తా. కొన్ని కేంద్రకాల లోపలినుంచి తూటాల మాదిరి కణాలు బయటికి దూకుతాయి. వాటిని అయస్కాంతం మధ్యలోనుంచి పోనిస్తే వాటి దారి వంగుతాది. మెల్లగా వచ్చే బండి మలుపులో సులువుగా తిరుగుతాది, వడిగా వచ్చే లారీ తిరగలేదు గదా! అట్లనే వడి ఎక్కువ ఉండే కణం తక్కువ వంగుతాది. వంపు కొలిస్తే వడి తెలుస్తాది. వడి తెలిస్తే లోపల ఏం జరిగిందో తెలుస్తాది. ఒకే పదార్థం నుంచి వచ్చే బీటా కణాలకు ఒకే వడి ఎందుకు లేదు అనే చిక్కుముడి అప్పటి శాస్త్రవేత్తలందరినీ వేధించింది. కంటికి కనపడని ఇంకో కణం కొంత శక్తిని ఎత్తుకుపోతా ఉండాదని 1930లో పౌలీ ఊహించినాడు. 1934లో ఫెర్మి దానికి పూర్తి లెక్క కట్టినాడు. కొలిచేవాడు, లెక్కకట్టేవాడు ఒకరికొకరు ఎట్ల కావాలో దీంట్లో చూడొచ్చు.

యుద్ధకాలంలో ఆయన అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసినాడు. గొట్టంలోనుంచి గాలిని తోడేసి శూన్యం ఎట్ల చెయ్యాల అనే దాని మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1947లో అక్కడ అచ్చయింది. గాలి ఉంటే ఆ కణాలు దారిలోనే గుద్దుకుని ఆగిపోతాయి. అందుకే ఈ శాస్త్రానికి శూన్యం కావాలి. 1947లోనే దేశానికి తిరిగొచ్చి ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరినాడు. 1954లో వైస్ ఛాన్సలర్ వి.ఎస్.కృష్ణ పిలిస్తే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చినాడు. 1956లో విశాఖలో అణుకేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టినాడు. అప్పటికి అరవై ఏండ్లు. తెలుగు గడ్డ మీద ఈ చదువుకు పునాదిరాయి అదే. 1969 సెప్టెంబరు 21న చనిపోయినాడు. ఆ ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టినారు.

ఇప్పుడు లెక్కపెట్టండి. చదువు మొదలుపెట్టింది ముప్పై దాటినాక. తిరిగొచ్చింది యాభై దాటినాక. నడుమ ఇరవై ఏండ్లు. ఆ ఇరవై ఏండ్లలో "నాయనా, ఈ నెల డబ్బు పంపు" అని అడిగేవాళ్లు ఆయన వెనక లేరు. పోయిన ప్రతి చోటా మర్యాదగా తలుపు తీసినారు. కష్టం ఆయనదే, తెలివి ఆయనదే. కానీ అటువంటి తెలివి ఉండి, ఆ ఇరవై ఏండ్లు దొరకనోళ్లు మన వాడల్లో ఎంతమంది మట్టిలో కలిసిపోయినారో ఎవరు లెక్క రాసినారు?

ఇంక రెండో ఆయన. పేరు మేఘనాథ్ సాహా. 1893 అక్టోబరు 6న ఢాకా దగ్గర శేవరాతలి అనే పల్లెలో పుట్టినాడు. తండ్రిది చిన్న చిల్లర అంగడి. కొడుకు అంగట్లో కూర్చుంటే చాలనుకున్నాడు తండ్రి. పై చదువు బడి తమ ఊళ్లో లేదు. దూరంగా ఉండే ఇంకో ఊళ్లో అనంతకుమార్ దాస్ అనే వైద్యుడు ఇంట్లో చోటిచ్చి అన్నం పెట్టినాడు. దానికి బదులు ఆ పిల్లోడు తన పళ్లెం తానే కడుక్కోవాల, ఆవును చూసుకోవాల. ఆవును మేపుతా చదివిన ఆ పిల్లోడు ఢాకా జిల్లాకే మొదటోడుగా పాసై స్కాలర్‌షిప్పు తెచ్చుకున్నాడు. ఢాకాలో హైస్కూల్లో చేరినాక, బెంగాలును చీల్చిన తెల్లదొరల గవర్నరు వస్తే నిరసన చేసినాడని స్కాలర్‌షిప్పు తీసేసి బయటికి పంపినారు. అయినా ఇంకో బళ్లో చేరి నెగ్గినాడు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజి. సత్యేంద్రనాథ్ బోస్ సహాధ్యాయి. జగదీశ్‌చంద్ర బోస్, ప్రఫుల్లచంద్ర రే గురువులు. అంతకంటే గొప్ప కాలేజి దేశంలో లేదు. కానీ ఉండింది ఈడెన్ హిందూ హాస్టల్లో. అక్కడ అగ్రకులాల పిల్లోళ్లు ఈయన్ని తమ పంక్తిలో కూర్చుని తిననియ్యలేదు. సరస్వతి పూజ దగ్గరికి రానియ్యలేదు. చదువుల తల్లి అంటారు, ఆ తల్లి దగ్గరికి కాలేజిలో అందరికంటే బాగా చదివే పిల్లోడినే రానియ్యలేదు! ఆయన ఆ హాస్టలు విడిచి బయట మెస్సులో చేరినాడు. సాహాల కులం మన మాదిరి ఊరిబయటి కులమా, కాదా అని పుస్తకాలు రాసేవాళ్లు వాదించుకుంటారు. వాదించుకోనియ్యండి. బువ్వ దగ్గర దూరం పెట్టిన సంగతిలో మాత్రం వాదం లేదు.

ఆ పిల్లోడే 1920లో లోకమంతా వాడే లెక్క ఒకటి కట్టినాడు. మన ఇండ్లలో పొయ్యిలో చిటికెడు ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా మారుతాది, చూసినారు గదా? ఏ పదార్థం ఎంత వేడెక్కితే ఏ రంగు వెలుగిస్తాదో దానికొక గుర్తు ఉంటాది. నక్షత్రాల వెలుగులో ఉండే ఆ గుర్తులను చదివి, ఆ నక్షత్రం ఎంత వేడిగా ఉండాదో చెప్పేదానికి సాహా సమీకరణం దారి చూపింది. నక్షత్రం దగ్గరికి ఎవరూ పోయి కొలవలేరు. ఈయన కాగితం మీద కొలిచినాడు. సిద్ధాంతకారుడంటే అదీ. మన స్వామి జర్మనీలో విని దారి మళ్లించుకున్న ఆ ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్నే సాహా, బోస్ కలిసి అంతకు ముందే ఇంగ్లీషులోకి తెచ్చినారు. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం అచ్చువేసింది.

1927లో లండన్ రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంది. 1938లో కలకత్తాకు తిరిగొచ్చినాక మనసంతా కేంద్రకం మీద పెట్టినాడు. ఆ పాఠాన్ని ఎమ్మెస్సీలో పెట్టించినాడు. కేంద్రకాలను గుద్ది చూసే సైక్లోట్రాన్ యంత్రం కోసం ఏండ్ల తరబడి తిప్పలు పడినాడు. అణుకేంద్రక భౌతికశాస్త్ర సంస్థను కట్టినాడు. 1950 జనవరి 11న ఐరీన్ జోలియో క్యూరీ దాన్ని ప్రారంభించింది. ఇప్పుడు దాని పేరు సాహా సంస్థ.

ఆయన గదిలో కూర్చుని లెక్కలు కట్టుకునే మనిషి మాత్రమే కాదు. అన్నీ వేదాల్లోనే ఉన్నాయనే మాటను పత్రికల్లో ఎక్కిరించి తిట్లు తిన్నాడు. ఏటి వరదలో చిన్ననాడే తిప్పలు పడినోడు కాబట్టి దామోదర్ నది వరదల మీద వేసిన కమిటీలో పనిచేసినాడు. అదే దామోదర్ పథకాన్ని ఆ కాలంలో ప్రభుత్వం లోపల ముందుకు నడిపింది ఎవరో తెలుసా? కార్మిక శాఖ చూస్తున్న మన బాబాసాహెబ్ అంబేద్కర్. 1952లో సాహా కలకత్తా నుంచి లోక్‌సభకు గెలిచినాడు. అణుశక్తి పనంతా గుట్టుగా నడిపితే కుదరదు, విశ్వవిద్యాలయాలకు తెలియాల, జనానికి తెలియాల అని 1954లో సభలో కొట్లాడినాడు. తుమ్మలపల్లె జనం అడుగుతున్నది ఆ మాటే గదా! 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం ఆఫీసుకు నడిచిపోతా కుప్పకూలి చనిపోయినాడు. అదే ఏడు డిసెంబరులో బాబాసాహెబ్ పోయినాడు.

అనంతకుమార్ దాస్ లేకపోతే సాహా ఏమయ్యేవాడు? అంగట్లో బెల్లం తూచేవాడు. బరోడా మహారాజు స్కాలర్‌షిప్పు లేకపోతే 1913లో బాబాసాహెబ్ అమెరికాకు పోయుండేవాడా? ఒక దయగల మనిషి దొరికితే చదువు, దొరకకపోతే పశువులు. దయ మీద ఆధారపడిన చదువు లాటరీ టిక్కెట్టు లాంటిది. ఆ దయను హక్కుగా మార్చేదానికే బాబాసాహెబ్ రాజ్యాంగంలో రిజర్వేషను రాయించినాడు. హాస్టలు, స్కాలర్‌షిప్పు మనకెవరూ పెట్టే బిచ్చం కాదు. ఆ రాజు ఇంట్లో తరతరాలుగా ఉండిన గ్రంథాల గదికి, ఆ ఇరవై ఏండ్ల తీరికకు మనకు దక్కాల్సిన బదులు అది.

నా సంగతి ఒకటి చెప్తా. నేను చదివిన బళ్లో ప్రయోగశాల ఉండింది. తాళం కూడా ఉండింది. పదో తరగతిలో నేనూ నా స్నేహితుడూ పోయి ఒక్కసారి తెరవమని అడిగినాం. సారు మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "ఆ గాజు సామాను పగిలితే మీ నాయన కడతాడారా?" అన్నాడు. నా స్నేహితుడి నాయన డప్పు కొట్టేవాడు. మంట దగ్గర డప్పు కాచేటప్పుడు ఎంతసేపు కాచాల, ఎప్పుడు తియ్యాల, ఎప్పుడు శ్రుతి ఎక్కుతాది, ఎప్పుడు తోలు చిట్లుతాది, ఆయన చేతికి తెలుసు. వేడికి తోలు బిగుస్తాది, బిగిస్తే మోత పెరుగుతాది. అది భౌతికశాస్త్రం కాక మరేంది? దాన్ని లెక్కగా రాసేదానికి ఆయన చేతికి పలక ఇయ్యలేదు, అంతే. ఆ తాళం నా కండ్లముందర తెరుచుకోలేదు. నా స్నేహితుడు ఆ ఏడే బడి మానేసినాడు.

అదంతా పాత కాలం అంటారేమో. ఈ కాలం సంగతి వినండి. 2019లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కేంద్ర విద్యాసంస్థల్లో పంతుళ్ల ఉద్యోగాలకు రిజర్వేషను అమలు చేసే చట్టం. మంచిదే. కానీ దాని చివర ఒక జాబితా ఉండాది. ఆ జాబితాలో ఉండే గొప్ప సంస్థలకు ఈ చట్టం వర్తించదని రాసినారు. బొంబాయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థ ఉండాది అందులో. భాభా అణు పరిశోధన కేంద్రం ఉండాది. కలకత్తా సాహా సంస్థ కూడా ఉండాది! బువ్వ పంక్తిలోనుంచి లేపేసిన మనిషి కట్టిన ఇల్లు. ఆ ఇంట్లో పంతులు పనికే, కింది కులాలకు చోటు చూపే ఆ చట్టం వర్తించదంట. ప్రతిభ చెడిపోతాదంట. సాహా ప్రతిభ ఏ కులం నుంచి వచ్చింది? ఆయన్ని పంక్తిలోనుంచి లేపినోళ్లలో నక్షత్రాన్ని కొలిచినాయన ఎవరైనా ఉన్నాడా?

నక్షత్రాల గురించి రాయాలని కలగన్న రోహిత్ వేములను 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పోగొట్టుకున్నాం. 1911 హాస్టలు నుంచి అక్కడికి నూరేండ్లు దాటింది. గదులు మారినాయి. గడప మారలేదు.

కన్నీళ్లు పెట్టుకుని ఇంటికి పొమ్మని నేను చెప్పడంలేదు. చేసే పనులు ఉన్నాయి. ఒకటి, మీ మీ ఊళ్ల హైస్కూల్లో ప్రయోగశాల ఉండాదా, తాళం ఎవరి దగ్గర ఉండాది, సైన్సు పంతులు ఉన్నాడా, ఖాళీనా? సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది. దరఖాస్తు పెట్టి అడగండి. జవాబు తెచ్చి ఊరి నడుమ చదవండి. రెండు, ఇంటర్లో మన పిల్లోళ్లకు లెక్కలు రావని ఎవరైనా వేరే గ్రూపులోకి నెడితే, సంఘం పోయి నిలదీయాల. మన నంద్యాల బ్యాంకు పరీక్షల కోచింగుకు పేరుపడిన ఊరు. బ్యాంకు ఉద్యోగం వద్దని నేననను, ఇంట్లో అన్నం ఉడకాల. కానీ ఊరికి ఒక్కరైనా శాస్త్రం దిక్కుకు పోవాల. తిరుపతిలో 2015లో ఐసర్ పెట్టినారు. ఇంటర్ అయినాక ఐదేండ్ల సైన్సు చదువు. మన కులాలకు రిజర్వు సీట్లు ఉన్నాయి. పరిశోధన చేసే ఎస్సీ పిల్లోళ్లకు జాతీయ ఫెలోషిప్పు ఉండాది. ఈ మాట తెలియక పోయే సీట్లు, తెలిసి అడ్డం పడి ఆపే సీట్లు, రెండూ మనవే. మూడు, ఆ 2019 జాబితాను తీసెయ్యాలని మన తీర్మానాల్లో రాయండి. శ్మశానం జాగా పక్కనే ఇదీ రాయండి. చచ్చినాక జాగా కావాల, బతికుండగా కూడా జాగా కావాల.

ఆళ్లగడ్డలో నేను ఇదే మాట్లాడినప్పుడు చివర్లో ఒక అక్క లేచింది. కూలికి పోయి నేరుగా వచ్చింది, కాళ్లకు నల్లరేగడి మట్టి అట్లనే ఉండాది. "నాయనా, మా పాప పదో తరగతి. లెక్కలు బాగా చేస్తాది. ఇరవై ఏండ్లు అన్నావే, అన్నేండ్లు మేము యాడ సాకేది?" అని అడిగింది. నేను అప్పటిదాకా చెప్పిన ఉపన్యాసమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉండాది. నేను ఒక్కడినే జవాబు చెప్పలేకపోయినాను. అప్పుడు వెనక కూర్చున్న డ్రైవరు అన్న ఒకాయన లేచి, "అక్కా, నువ్వొక్కదానివే ఎందుకు సాకాల? సంఘం ఉండాది. ఫెలోషిప్పు వచ్చేదాకా మేము చూసుకుంటాం. రాకపోతే అందరం కలిసి పోయి తెచ్చుకుంటాం" అన్నాడు. ఆ రాత్రే ఒక డబ్బా పెట్టినారు. ఎంత పడిందనేది లెక్క కాదు. ఆ పాప పేరు మీద పుస్తకంలో మొదటి గీత పడింది.

నంద్యాలలో ఆ డబ్బా ఎప్పుడు పెడతారో మీరే చెప్పండి. నేను కూర్చుంటున్నా.

జై భీమ్.